మగ్రిబ్ తర్వాత గేటు దగ్గర

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు ముగియగానే మా గల్లీ చివర మసీదు గేటు దగ్గర పిల్లలను చంకనేసుకుని నిలబడే ఆడవాళ్లలో సగం మంది బొట్టు పెట్టుకున్నవాళ్లే. జ్వరం దిగని పిల్లలు, పాలు కక్కే పిల్లలు, నిద్రలో ఉలిక్కిపడే పిల్లలు. కొందరి చేతుల్లో మూత తీసిన నీళ్ల సీసాలు. నమాజు చదువుకుని వచ్చే మగవాళ్లు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూనే పెదాల కింద ఏదో చదివి, ఒక్కో పిల్ల ముఖం మీద మెల్లగా ఊది పోతారు. అందరికంటే చివర మౌల్సాబ్ వస్తాడు. ఆ వరస ఆయన కోసమే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, బతుకమ్మ రోజుల్లో, ఆ వరసలో నేనూ నిలబడ్డాను. నా భుజం మీద నాలుగేళ్ల మనవరాలు సంతోషి. దానికి మాట పోయింది.

నేను ఆర్టీసీ డ్రైవర్‌ని. హయత్‌నగర్ డిపో. మా ఇంటి దేవుడు యాదగిరి నరసింహస్వామి. శనివారం ఒంటిపూట ఉంటాను. పేరు మాత్రం సైదులు. పిల్లలు దక్కడం లేదని మా అమ్మ జాన్‌పహాడ్ సైదుల దర్గాకు పోయి మొక్కుకుంటే నేను పుట్టానట. నల్లగొండ వైపు ఇలాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయి. అందుకే నాకు మసీదు గేటు కొత్త కాదు.

మౌల్సాబ్ పేరు షర్ఫుద్దీన్. ఆయనదీ మా వైపే, చిట్యాల దగ్గర. వాళ్ల నాయన ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఉత్తరాదిలో ఎక్కడో ఏడేళ్లు చదివొచ్చి, ఎల్‌బీ నగర్‌లో మా చిన్న మసీదుకు ఇమాముగా కుదిరాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదటిసారి నా పేరు విని నవ్వాడు.

"నా చదువు ప్రకారమైతే దర్గాకు మొక్కద్దు సైదులన్నా. గని మీ అమ్మ మొక్కకపోతే నువ్వెక్కడున్నవ్?"

అలాంటి మనిషి. ఏ విషయమూ చెంపదెబ్బలా చెప్పడు.

సమ్మెలోకి ఆర్టీసీ దిగిన వారం రోజులకే చౌరస్తాలో జేఏసీ టెంటు పెద్దదైంది. స్కూళ్లు మూతపడ్డాయి. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. మేం డ్రైవర్లం పొద్దున్నే పోయి టెంటులో కూర్చునేవాళ్లం. నా కొడుకు మహిపాల్ దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. షాపు మానేసి టెంటు పనులన్నీ నెత్తినేసుకున్నాడు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు ఎవరో మౌల్సాబ్‌ను పిలుచుకొచ్చారు. ముస్లింల తరఫున ఒకరు మాట్లాడితే బాగుంటుందని.

ఆయన మైకు తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఉర్దూ నాకు మదర్సాల నేర్పిండ్రు. తెలుగు మా అమ్మ నేర్పింది. మా అమ్మ భాషను టీవీల జోకర్లకు పెట్టిండ్రు. గది నాకు కోపం."

అంతే. టెంటంతా ఒక్కసారి లేచి నిలబడింది. రెండో రోజు ఆయన్ని హయత్‌నగర్ తీసుకుపోయారు. మూడో రోజు సాగర్ రింగ్ రోడ్డు. వారంలో ఆయన మాట్లాడని సభ లేదు. మహిపాల్ బండి నడిపేవాడు, వెనక సీటు మీద మౌల్సాబ్. అయినా మగ్రిబ్‌కు గేటు దగ్గరికి వచ్చి పిల్లలకు ఊదడం మానలేదు. గొంతు బొంగురుపోయి ఉండేది. ఊదడానికి గొంతుతో పని లేదు కదా అనుకునేవాణ్ని.

అమావాస్య ముందు రోజు బంద్. దాని ముందు సాయంత్రం టెంటు ముందు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"రేపు పోలీసోళ్లను పెట్టుకొని బస్సులు తిప్పుతరట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాక ఒక్క చక్రం తిరగద్దు. తిరిగితే ఎట్ల ఆపాల్నో మీకు ఒకరు చెప్పాల్నా?"

అక్కడున్న అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాణ్ని. నేనూ కొట్టాను.

మరునాడు సాయంత్రం మా కోడలు యాదలక్ష్మి ఇంటికొచ్చింది. రెండు రోజుల కింద పిల్లను తీసుకుని సరూర్‌నగర్‌లో తల్లిగారింటికి పోయింది. మూడు రోజులుండి వస్తానన్న మనిషి, తెల్లవారితే పండుగ మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ అని ఒకరోజు ముందే బయలుదేరింది. చేతిలో గునుగు పూల సంచి. చంకలో సంతోషి. పిల్ల ముఖం గోడకు వేసిన సున్నంలా ఉంది.

"ఏమైందే?" అంది నా భార్య అండాలమ్మ.

"కొత్తపేట కాడ గుంపు ఉరికొచ్చిందత్తమ్మా. తెలిసినాయన ఆటోల ఉన్నం. పిల్ల జడుసుకున్నది."

బంద్ రోజు ఆటో ఎక్కడిదని నేను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పిల్లను ఎత్తుకున్నాను. "సంతోషమ్మా, తాతకు చెప్పు బిడ్డా, ఎవరు భయపెట్టిండ్రు?" అది నా ముఖం చూసింది. తర్వాత వాకిలి వైపు చూసింది. అరచేత్తో నోరు మూసుకుంది.

పొద్దున లేస్తే సరిపోతుందనుకున్నాం. లేవలేదా అంటే లేచింది. పాలు తాగింది. బొమ్మకు జుట్టు దువ్వింది. మాట మాత్రం లేదు. పక్షి పాట, బస్సు హారను, టీవీలో ప్రకటనలు, దినమంతా ఏదో ఒకటి చిలుకలా అనే పిల్ల. ఇంట్లో ఎవరి గొంతు వాళ్లకే పెద్దగా వినబడసాగింది. అండాలమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నేను నరసింహస్వామికి ముడుపు కట్టాను. సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాను.

మౌల్సాబ్ వచ్చి పిల్లను చూశాడు. "ఏమైంది అన్నా?"

"జడుసుకున్నది మౌల్సాబ్. నిన్నటి సంది నోట్లకెళ్లి మాట లేదు."

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు చదివాడు. మిగతా పిల్లలకు చదివే దానికి రెండింతలు. ఊదేటప్పుడు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. సమ్మె అలసట అనుకున్నాను. పోతూ పోతూ, "రోజు తీస్కరా అన్నా. మర్చిపోవద్దు," అన్నాడు.

రోజూ తీసుకుపోయాను.

మా మేడ మీద కిరాయికి భానుమూర్తి గారు, ఇందిరాదేవి గారు ఉండేవాళ్లు. భీమవరం దగ్గరివాళ్లు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. సమ్మె మొదలయ్యాక సెంటర్ మూసేశారు. మా గల్లీలో ఎవరో ఆంధ్రావాళ్ల గేట్లు రెండిటి మీద రంగుతో 'పోండి' అని రాసిన తర్వాత వాళ్లు కిటికీలు తెరవడం మానేశారు. ఇందిరాదేవి గారు మెట్లు దిగి వచ్చి సంతోషిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"దిష్టీ దెయ్యం అని ఊరుకోకండి సైదులు గారూ. వనస్థలిపురంలో మంచి పిల్లల డాక్టరున్నారు, నేనూ వస్తాను, పదండి."

డాక్టరు నాలుక చూశాడు, చెవులు చూశాడు. గొంతులో లోపం లేదన్నాడు. ఏదో చూసి భయపడింది, బలవంతం చేయకండి, ఆగండి అన్నాడు. ఎన్నాళ్లు అంటే, రోజులో నెలలో చెప్పలేనన్నాడు.

దారిలో జామపండ్ల బండి దగ్గర ఇందిరాదేవి గారు మూడు పండ్లు వేలితో చూపించింది. నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక అండాలమ్మ అడిగితే చిన్నగా నవ్వింది.

"బజార్లో నేను మాట్లాడ్డం మానేశానండీ. నోరు తెరిస్తే ఏ ఊరో తెలిసిపోతుంది కదా. వేలు చూపిస్తే ఏ ఊరిదైనా వేలేగా."

"ఎవడేమంటడో నాకు చెప్పు, వాని మూతి పగలగొడ్త," అంది అండాలమ్మ.

"మీరు పగలగొట్టకండి తల్లీ, మీ అబ్బాయి నాయకుడు, అతనికి చెడ్డపేరు."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేడ మీద ఒకరు, కింద ఒకరు, మాటల్లేకుండా ఒకే ఇంట్లో ఉన్నారని అప్పుడే తట్టింది. ఇద్దరి భయమూ ఒకచోటు నుంచే వచ్చిందేమోనని కూడా ఒక క్షణం అనిపించింది. ఆ ఆలోచనను అక్కడే ఆపేశాను.

మహిపాల్ ఇంటికి రావడం తగ్గించాడు. టెంటులోనే పడుకుంటున్నానన్నాడు. కూతురికి మాట పోయిందంటే పరుగెత్తుకు రావాల్సినవాడు. అయిదో రోజు మధ్యాహ్నం వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. కుడిచేయి ప్యాంటు జేబులో ఉంది.

"లోపలికి రారా," అన్నాను.

"పనుంది నాయినా. రైల్‌రోకో ఉన్నది."

"పిల్లను చూడవా?"

సంతోషి మంచం మీద కూర్చుని వాణ్నే చూస్తోంది. ఏడవలేదు. పారిపోలేదు. వాడి ముఖం కాదు, జేబులో ఉన్న చేతిని చూస్తోంది. తర్వాత మళ్లీ అరచేత్తో నోరు మూసుకుంది. మహిపాల్ వెనక్కి తిరిగి బండెక్కాడు. యాదలక్ష్మి వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చేసరికి వీధిలో పొగ ఒక్కటే ఉంది.

"అన్నం తినలేదా మామా?"

"లేదమ్మా."

ఆమె గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది. వాళ్లిద్దరి మధ్య ఏదో గొడవ జరిగిందనుకున్నాను. భయానికి నేను ఎన్ని పేర్లు పెట్టుకున్నానో, అసలు పేరు ఒక్కటి తప్ప.

పండుగ ఆఖరు రోజు, సద్దుల బతుకమ్మ. ఆడవాళ్లు పూలు పేరుస్తున్నారు. సంచులు దులిపి ఇవ్వమని అండాలమ్మ చెబితే వాకిట్లో కూర్చున్నాను. యాదలక్ష్మి తల్లిగారింటి నుంచి తెచ్చిన సంచి అడుగున ఎండిపోయిన గునుగు రెక్కలున్నాయి. వాటిలో అద్దం పలుకులు. నాలుగైదు. జొన్నగింజ కంటే కొంచెం పెద్దవి. అరచేతిలో వేసుకున్నాను.

ఇంటి అద్దం పగిలితే కత్తుల్లా పెంకులవుతుంది. బస్సు కిటికీ అద్దం అలా పగలదు. పటిక బెల్లంలా పలుకులు పలుకులుగా రాలుతుంది. ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు ఊడ్చానో. ఆటోకు పక్క అద్దాలే ఉండవు.

యాదలక్ష్మిని పిలిచాను. చేయి చాపి చూపించాను. ఆమె మోకాళ్ల మీద కూలబడింది.

"మామా, ఎవ్వరికి చెప్పకుండ్రి. మీకు దండం పెడ్త."

సరూర్‌నగర్ నుంచి పిల్లను కాసేపు ఎత్తుకుని, కాసేపు నడిపించుకుంటూ వచ్చింది. ఆటో లేదు. చైతన్యపురి దాకా వచ్చేసరికి పిల్ల కాళ్లు నొప్పులని ఏడ్చింది. అప్పుడే ముందూ వెనకా పోలీసు జీపులతో ఒక బస్సు వచ్చి ఆగింది. ఎక్కింది. సమ్మెలో ఉన్న డ్రైవర్ కోడలు, జేఏసీ కార్యకర్త భార్య, సమ్మెను తొక్కి తిరిగే బస్సెక్కింది. కొత్తపేట పండ్ల మార్కెట్ దాటాక రాయి పడింది.

"దిగి ఇంటికొచ్చేదాక నాకు రాయి భయం లేదు మామా. మీకు తెలిస్తే ఏమంటరో, ఆయనకు తెలిస్తే ఏమంటడో అని, గదే భయం. ఆయన టెంటు కాడ తలెత్తుకోవద్దా?"

"తప్పేముందమ్మా, పిల్లను మోసుకొని ఎంత దూరం నడుస్తవ్?" అన్నాను. "రాయేసినోణ్ని చూసినవా?"

"లేదు మామా. నేను టికెటు తీస్కుంటున్న. అద్దం పగిలిన సప్పుడుకే తల వంచిన. పిల్ల ఒక్కతే బయటికి చూస్తుండె."

పిల్ల ఒక్కతే చూసింది. ఆ మాట నా చెవిలోంచి లోపలికి దిగడానికి సమయం పట్టింది.

ముందు మౌల్సాబ్‌కు చెప్పాలనిపించింది. ఎనిమిది రోజులుగా చదువుతున్నాడు. అసలు కారణం చెప్పకుండా చదివిస్తే దువా ఎలా తగులుతుంది? తప్పు మా వైపే ఉంది కదా అనుకున్నాను. మసీదు పక్కనే ఆయన ఉండే రెండు గదులు. బయట రెండు కార్లు ఆగి ఉన్నాయి. లోపల తెల్లచొక్కాల వాళ్లు నలుగురు. బల్ల మీద మడత విప్పని పార్టీ కండువా ఒకటి. దసరా పోయాక పెద్ద సభలో ఆయన మెడలో వేస్తారని గల్లీ అంతా అనుకుంటున్నదే. ఆయన నన్ను చూసి బయటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాం.

"పిల్ల ఎట్లుంది అన్నా?"

"అట్లనే ఉన్నది. మౌల్సాబ్, మీ దగ్గర ఒక అబద్ధం నిలిచిపోయింది. అందుకే మీ దువా తాకుతలేదేమో. పిల్ల ఆటోల లేకుండె. బంద్ రోజు బస్సుల ఉండె. రాయి పడ్డది."

ఆయన తల వంచుకున్నాడు. గడ్డంలోకి మాట్లాడినట్టు అన్నాడు.

"ఎరుకే అన్నా. లేడీస్ సీట్లల్ల, మూడో కిటికీ."

లోపలి నుంచి ఎవరో, "మౌలానా, సార్ లైన్ల ఉన్నరు," అని ఫోను ఊపుతూ పిలిచారు. ఆయన కదలలేదు.

"నేను కిటికీ సంగతి చెప్పలే మౌల్సాబ్," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. అంతకుముందు ఆయన కళ్లలో భయం నేను చూడలేదు. పోలీసులు లాఠీలతో టెంటు మీదికి వచ్చిన రోజు కూడా లేదు. బస్సు ఆగినాక లోపల ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరికీ గుర్తుండదు. రాయి ఎటు పోయిందో చూసినవాడికి తప్ప. ఆ చూసినవాడు వచ్చి ఈయనకు చెప్పుకున్నాడు. ఎనిమిది రోజులుగా ఇంటి గడప తొక్కనివాడు ఎవడో నాకూ తెలుసు.

చెప్పులేసుకుని లేచాను.

"సైదులన్నా," అన్నాడు. "ఎట్ల ఆపాల్నో చెప్పాల్నా అని నేనే అడిగిన కదా."

"నేను చప్పట్లు కొట్టిన మౌల్సాబ్."

"రేపు మగ్రిబ్‌కు పిల్లను, కోడలును తీస్కరా. మహిపాల్‌ను నేను తోల్కొస్త."

ఆ సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే చప్పట్ల చప్పుడు వినలేక నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఎన్ని భయాలు! వాణ్ని పోలీసులు పట్టుకుపోతారని. యాదలక్ష్మికి తెలిస్తే వాడి ముఖం చూడదని. వాడు ఏదైనా చేసుకుంటాడేమోనని. రాష్ట్రం కోసం కుర్రాళ్లు ప్రాణాలు తీసుకుంటున్న ఆ రోజుల్లో ఆ భయం లేని తండ్రి లేడు. అన్నిటికంటే, పిల్ల తండ్రిని కాపాడుకోవడానికే నోరు మూసుకుందేమో, ఆ మూత ఇక తీయదేమోనని. నాలుగేళ్ల పిల్లకు అంత తెలుస్తుందా? నాకు తెలియదు. స్వామికి దీపం పెట్టి అడిగాను. ఆయనా చెప్పలేదు.

మరునాడు మగ్రిబ్‌కు గేటు దగ్గర రోజుకంటే ఎక్కువ మంది ఉన్నారు. మౌల్సాబ్‌ను టీవీలో చూసి వచ్చినవాళ్లు కొందరు. ఆయన బయటికి రాగానే వెనక నుంచి ఒకడు "మౌలానా సాబ్ జిందాబాద్" అన్నాడు. ఆయన చేయెత్తి ఆపాడు. వరసలో ఒక్కో పిల్లకు ఊదుకుంటూ వచ్చాడు. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో మహిపాల్. తల పైకెత్తలేదు.

వాణ్ని చూసి సంతోషి నా మెడలో ముఖం దాచుకుంది. యాదలక్ష్మి మొగుణ్ని, నన్ను, మౌల్సాబ్‌ను మార్చి మార్చి చూసింది.

మౌల్సాబ్ మా ముందు ఆగాడు. ఊదలేదు. పిల్లను దింపమని చేత్తో చెప్పి, తనూ గొంతుక్కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లని కుర్తా అంచు మట్టిలో పడింది.

"సంతోషమ్మా, ఇయ్యాల నేను ఊద బిడ్డా. నువ్వు ఊదాలె. మీ డాడీ మస్తు జడుసుకున్నడు. తొమ్మిది దినాలాయె, అన్నం తింటలేడు. నేనెంత ఊదినా తగ్గుతలేదు."

మహిపాల్ వచ్చి పిల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి కుడిచేయి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అరచేతిని పిల్ల వైపు తిప్పాడు. యాదలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు ఆమెకు తెలిసింది.

పిల్ల ఆ చేతిని చూసింది. వరసలో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఎవరో సీసా మూత కింద పడేసుకున్నారు. సంతోషి ఒక అడుగు ముందుకు వేసింది. బుగ్గలు పొంగించింది. వేడి పాల మీద ఊదినట్టు వాడి ముఖం మీద ఫూ అని ఊదింది. మళ్లీ ఒకసారి ఊదింది. వాడి కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే వంగి వాడి ముఖంలోకి చూసింది.

"నాకు తాకలే డాడీ," అంది.

గొంతు తుప్పు పట్టినట్టుంది. మళ్లీ అంది. "నాకు తాకలే."

మహిపాల్ పిల్లను పట్టుకోలేదు. పట్టుకోవడానికి చేయి రాలేదు. అదే పోయి వాడి ఒళ్లో కూర్చుంది.

మౌల్సాబ్ ఇంకా లేవలేదు. టోపీ సరిచేసుకుని, "నాకు గూడ బిడ్డా," అన్నాడు. పిల్ల ఆయనకూ ఊదింది. ఆయన గడ్డం వెంట్రుకలు కొన్ని కదిలాయి. ఆయన లేచి, మిగిలిన ఇద్దరు పిల్లలకు ఊదకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

పిల్లకు మాట ఎవరి వల్ల వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. నరసింహస్వామి అంటుంది అండాలమ్మ. డాక్టరు ముందే చెప్పాడు కదండీ అంటుంది ఇందిరాదేవి గారు. వాళ్లు ఎక్కడికీ పోలేదు, మేడ మీదే ఉన్నారు. మహిపాల్‌తో మళ్లీ మాట్లాడటానికి యాదలక్ష్మికి దీపావళి దాటింది. వాడు టెంటుకు పోవడం మానేసి షాపుకు పోయాడు. రాష్ట్రం వచ్చిన రోజు కూడా మిఠాయి తీసుకున్నాడు కానీ తినలేదు.

ఒకటి మాత్రం రాయకుండా ఉండలేను. ఆ బస్సులో సంతోషి వెనక సీటులో ఉన్న ఒక ముసలామెకు నుదుటి మీద కుట్లు పడ్డాయని తర్వాత విన్నాం. ఆమె ఎవరో మేం వెతకలేదు. వెతికితే పోలీస్ స్టేషన్ దాకా పోవాలి. పిల్లకు మాట వచ్చిందని యాదగిరిగుట్టకు పోయి ముడుపు విప్పాను, జాన్‌పహాడ్ పోయి చక్కెర పంచాను. రెండు చోట్లా ఆమె సంగతి ఎత్తలేదు. దేవుడు అడగలేదు కాబట్టి నేను చెప్పలేదనుకుంటాను. ఆయన ఎందుకు అడగలేదో మరి.

దసరా తర్వాత సభలో మౌల్సాబ్ కండువా వేసుకున్నాడు. ఆ తర్వాత ఏ సభలో మాట్లాడినా చివర "రాయి ముట్టద్దు" అనేవాడు. మనిషి మెత్తబడ్డాడని కుర్రకారు వెక్కిరించింది. తెల్లచొక్కాల వాళ్లు కూడా చెప్పి చూశారట. అయినా ఎదిగాడు. రాష్ట్రం వచ్చాక కార్పొరేటర్ అయ్యాడు, తర్వాత ఏదో బోర్డుకు చైర్మన్. మధ్యలో పార్టీ మారాడు. ఇప్పుడు కండువా రంగు వేరు. గేటు దగ్గర మాత్రం ఆ సాయంత్రమే ఆఖరు. కొత్త ఇమాము వచ్చి ఊదుతున్నాడు. నేను రిటైరయ్యాక పింఛను కాగితం మీద సంతకం కోసం పోయినప్పుడు ఒకసారి అడిగాను.

"గేటు కాడికి ఎందుకు వస్తలేరు మౌల్సాబ్?"

"టైం ఎక్కడిదన్నా," అని నవ్వాడు. నేను గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి మెల్లగా అన్నాడు. "ఊదినా పనిచెయ్యదని భయమన్నా."

మొన్నటి ఎన్నికలకు ఎవరి తరఫునో ప్రచారం చేస్తూ మా గల్లీలోకి వచ్చాడు. డప్పులు, పూలు, మైకు కట్టిన జీపు. మైకు మోగితే నేను ఇప్పటికీ ఇంట్లో ఎవరున్నారు, బయట ఎవరున్నారు అని ముందు చూసుకుంటాను. మహిపాల్ షాపులో. యాదలక్ష్మి ఇంట్లో. సంతోషి కాలేజీ నుంచి అప్పుడే వచ్చి గడపలో నిలబడి ఉంది.

ఆయన దండం పెట్టుకుంటూ వస్తూ మా ఇంటి ముందు ఆగాడు. గడ్డం సగం తెల్లబడింది. సంతోషిని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గుర్తుపట్టాక ఓటు అడగలేదు. మెడలో దండలు ఛాతీకి అదిమిపెట్టి పట్టుకుని, తల కొద్దిగా వంచి, అలాగే నిలబడ్డాడు.

సంతోషి నా వైపు చూసింది. తర్వాత మెట్టు దిగి, ఆయన ముఖం మీద ఫూ అని ఊదింది.

ఆయన మూసుకున్న కళ్లు తెరవలేదు. కంట్లో దుమ్ము పడిందనుకుని గుంపులోంచి ఎవరో నీళ్ల సీసా అందించారు.